పప్పీ ఆంటీ లక్షణాలు

పప్పీ ఆంటీ అంటే బెంగళూరులో సొంతింట్లోనో, కింది అంతస్తు ఫ్లాట్‌లోనో కాపురముంటూ, ఏడాదికి ఒక్క ఈతకు మించకుండా చిన్నజాతి కుక్కపిల్లలను పుట్టించి, ఆపైన వాటిని ఎవరికీ ఇవ్వకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నించే గృహిణి. వయసు యాభై దాటి ఉంటుంది. అసలు పేరు ఆధార్ కార్డులోనూ గ్యాస్ పుస్తకంలోనూ మాత్రమే ఉంటుంది. వాచ్‌మన్ మొదలు కొరియర్ కుర్రాడి దాకా అందరికీ ఆమె పప్పీ ఆంటీయే. కె.ఆర్. పురం, హోరమావు, మారతహళ్ళి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బనశంకరి ఈ రకానికి అనువైన ప్రాంతాలు. తెలుగు శాఖకు చెందినవారి పుట్టిల్లు అనంతపురం, కర్నూలు, చిత్తూరు జిల్లాల్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది. భర్త హెచ్‌ఏఎల్, బీఈఎల్, ఐటీఐ, బీఈఎంఎల్‌లలో ఏదో ఒకదాని నుంచి రిటైరై, ఇంగ్లీషు పేపరు ఒకటి, తెలుగు పేపరు ఒకటి చదువుతూ ఉంటాడు.

ఈ రకం పుట్టుకకు కారణం దాదాపు ఎప్పుడూ కొడుకే. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది షిట్జు జాతి కుక్కపిల్లను కొంటాడు. రెండో ఏడాది దానికి పుట్టినరోజు కేకు కోయిస్తాడు. మూడో ఏడాది హెచ్-1బీ వస్తుంది. "ఆరు నెలలే మమ్మీ" అని దాన్ని తల్లికి అప్పజెప్పి విమానం ఎక్కుతాడు. పూజగది ఉన్న ఇంట్లోకి కుక్కేమిటని అప్పటిదాకా ముక్కు చిట్లించిన మనిషి, నెల తిరిగేసరికి దానికి స్వెటర్ అల్లుతూ కనిపిస్తుంది. ఆ తర్వాతి ఏడాదికల్లా దాని మోకాళ్ళు, మూత్రపిండాలు, తాతముత్తాతల గురించి డాక్టర్‌నే ఎదురు ప్రశ్నలు వేస్తుంది.

పైపైన చూస్తే ఇదే రకమనిపించే మరో రెండు రకాలు ఊళ్ళో ఉన్నాయి. మొదటిది వ్యాపారి. ఇతని సరుకు ఊరి శివార్లలో రేకుల షెడ్డులో, పంజరాల్లో ఉంటుంది. ఆడకుక్క ఎదకు వచ్చిన ప్రతిసారీ కట్టిస్తాడు. ఐదారు వారాల పిల్లను అట్టపెట్టెలో పెట్టి మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర చేతికిచ్చి, తల్లిని చూపించమంటే "ఫామ్‌లో ఉంది సార్" అంటాడు. 2022లో వచ్చిన కన్నడ సినిమా '777 చార్లీ'లో లాబ్రడార్ పిల్ల తప్పించుకుని పారిపోయేది ఇలాంటివాడి చెర నుంచే. చివర్లో దాని ప్రాణం మీదికి వచ్చిన క్యాన్సర్‌కు మూలం కూడా రక్తసంబంధంలో కట్టించడమే. తెలుగులో రానా సమర్పించిన ఆ సినిమాను పప్పీ ఆంటీలు రెండేసిసార్లు చూసి ఏడ్చారు, ఇంటికి రాగానే తమ కుక్కల పేపర్లు తీసి మళ్ళీ ఒకసారి సరిచూసుకున్నారు.

రెండో రకం జాలిగుండె మనిషి. "పాపం, ఒక్కసారైనా తల్లి కాకపోతే దాని జన్మకు అర్థమేముంది?" అన్నది ఇతని సిద్ధాంతం. పశువైద్యంలో ఈ మాటకు ఆధారం లేదు. ఒక ఈత ఈనినంత మాత్రాన కుక్క ఆరోగ్యానికి ఒరిగేది ఏమీ ఉండదు. గర్భసంచి తీయిస్తే దాంట్లో చీము పట్టే జబ్బు భయం పోతుంది, చిన్న వయసులోనే తీయిస్తే రొమ్ము గడ్డల ముప్పూ బాగా తగ్గుతుంది. ఈ సంగతి తెలియని జాలిగుండె మనిషి పిల్లలు పుట్టిన నలభయ్యో రోజు నుంచి ఆఫీసులో కనిపించిన ప్రతివాడినీ "మీ ఇంట్లో కుక్క ఉందా సార్?" అని అడుగుతూ తిరుగుతాడు. జవాబుగా అందరూ ఆ వారం క్యాంటీన్ మారుస్తారు.

పప్పీ ఆంటీ వీళ్ళిద్దరికీ దూరం. ఆమె దగ్గర సర్టిఫికెట్ ఉంటుంది. అమ్మకానికి కుక్కపిల్లలను పుట్టించే ఎవరైనా సరే రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలని కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. రుసుము 5,000 రూపాయలు, గడువు 2 ఏళ్ళు. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, 8 ఏళ్ళు దాటకూడదు. ఏడాదికి ఒక్క ఈత, జన్మకు ఐదు. 8 వారాలు నిండని పిల్ల గడప దాటకూడదు, ప్రతిదానికీ మైక్రోచిప్ ఉండాలి. చదివితే మంచి చట్టమే. దీన్ని తు.చ. తప్పకుండా పాటించే వర్గమేదైనా ఉందంటే అది పప్పీ ఆంటీలే. అంతేకాదు, చట్టం మరీ మెతకగా ఉందని వాళ్ళ అభిప్రాయం. ప్రభుత్వం ఐదంటే ఆమె మూడంటుంది. 18 నెలలంటే రెండేళ్ళంటుంది. వెంకటేశ్వరస్వామి పటం పక్కనే సర్టిఫికెట్‌కూ ఫ్రేము కట్టి ఉంటుంది, రెండింటికీ ఒకే దండ.

జాతి ఎంపికలో బెంగళూరు తెలుగువారి రుచి సినిమాలను, ప్రకటనలను అనుసరించి నడిచింది. తెల్లటి బొచ్చుతో 'పామెరేనియన్' పేరు మీద ఇంటింటా చెలామణీ అయిన కుక్క నిజానికి ఇండియన్ స్పిట్జ్. 1994 నాటి 'హమ్ ఆప్కే హై కౌన్', తెలుగులోకి 'ప్రేమాలయం'గా వచ్చాక, అందులోని టఫీ పుణ్యమా అని దానికి గిరాకీ ఇంకా పెరిగింది. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో ఒక పగ్ చిన్న పిల్లాడి వెంట నడిచేసరికి దేశమంతా పగ్‌ల వెంట నడిచింది. ఆ సొట్ట ముక్కులోంచి వచ్చే గురకను ముద్దు అనుకున్నవాళ్ళే ఎక్కువ. అది ఇరుకు ముక్కురంధ్రాల్లోంచి గాలి కోసం పడే పాటని చాలామందికి డాక్టర్ బిల్లు చేతికొచ్చాకే తెలిసింది. ఇప్పటి రాజ్యం షిట్జుది. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఊరు కావడంతో ఇంత జుట్టున్న జీవి ఇక్కడ బతికి బట్టకట్టగలుగుతోంది. 'టీకప్' షిట్జు ఉందా అని అడిగినవాళ్ళకు పప్పీ ఆంటీ టీ ఇచ్చి పంపిస్తుంది. టీకప్ అనే జాతి ఏ కెన్నెల్ క్లబ్బు పుస్తకంలోనూ లేదు. ఈతలో బక్కచిక్కిన పిల్లకు పెట్టిన అమ్మకపు పేరది.

ఇక కట్టించడం. చెన్నైలో కార్యాలయం ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పేపర్లు చూపిస్తే బేరగాళ్ళు తృప్తిపడతారు. పప్పీ ఆంటీకి అవి మొదటి మెట్టు మాత్రమే, ఎందుకంటే పేపరు చెప్పేది వంశం సంగతే, ఆరోగ్యం సంగతి కాదు. మోకాలి చిప్ప జారుతుందేమో డాక్టర్ చేత్తో పట్టి చూడాలి. మూత్రపిండాలకు రక్తపరీక్ష, స్కాన్. షిట్జుల్లో పుట్టుకతోనే అవి సరిగా ఎదగని జబ్బు ఒకటుంది. కళ్ళ పరీక్ష వేరు. కలయికతో అంటుకుని గర్భస్రావాలు తెచ్చే బ్రూసెల్లా లేదని మగకుక్కకూ ఆడకుక్కకూ రిపోర్టులు రావాలి. మగకుక్క (స్టడ్) యజమాని కుర్రాడు "మావాడు ఛాంపియన్ బ్లడ్‌లైన్ ఆంటీ" అని కప్పుల ఫోటోలు పంపుతాడు. ఆంటీ తిరుగు జవాబు: "కప్పులు సరే బాబూ, మోకాళ్ళ రిపోర్టు పంపించు."

వంశవృక్షం దగ్గర ఆమె చూపే పట్టుదల ఆమె సొంత కుటుంబ చరిత్రకు పూర్తిగా విరుద్ధం. పప్పీ ఆంటీ పెళ్ళాడింది తన మేనమామను. జన్యుశాస్త్రం లెక్క ప్రకారం మేనమామకూ మేనకోడలికీ పుట్టే బిడ్డకు అంతఃప్రజనన గుణకం 12.5 శాతం, మేనబావామరదళ్ళ బిడ్డకు 6.25 శాతం. కుక్కల్లో తాతకూ మనవరాలికీ కట్టిస్తే వచ్చేదీ సరిగ్గా 12.5 శాతమే. స్టడ్ యజమానులు దాన్ని లైన్ బ్రీడింగ్ అని గౌరవంగా పిలుచుకుంటారు. 1949 చైనా విప్లవం తర్వాత ఆ దేశం బయట మిగిలిన 14 కుక్కల సంతానమే ఇవాళ్టి షిట్జులన్నీ అని జాతి చరిత్రల్లో రాస్తారు. అసలే ఇరుకైన వంశంలో మళ్ళీ దగ్గర సంబంధాలేమిటని ఆంటీ వాదన. "మా దాని తాత, మీవాడి తండ్రి ఒకటే కదా, వరస కుదరదు బాబూ" అని ఫోన్ పెట్టేసే సమయానికి హాల్లో పేపరు వెనకాల కదలిక వస్తుంది.

"మన పెళ్ళికి లేని అభ్యంతరం దీనికెందుకే?"

"మనకు పుట్టింది ఒక్కడు మామా. దీనికి ఐదుగురు పుడతారు, ఐదిళ్ళకు వెళ్తారు."

ఎద మొదలైన రోజు నుంచి ఇంట్లో కాలగణన మారిపోతుంది. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో ఏకాదశికీ సంకష్టహర చతుర్థికీ మధ్య ఎర్ర ఇంకుతో సున్నాలు వెలుస్తాయి. రెండు మూడు రోజులకోసారి రక్తం తీయించి ప్రొజెస్టిరాన్ ఎంతుందో చూస్తారు. అండం విడుదలయ్యే వేళ దాంతోనే తేలుతుంది. కొత్త చీపురు కొనాలన్నా వర్జ్యం చూసే మనిషి, డాక్టర్ చెప్పిన ముహూర్తం మంగళవారం రాహుకాలంలో పడినా కిమ్మనదు. అక్కడి నుంచి ఇంచుమించు 63 రోజులు. నెల దగ్గరపడుతుండగా స్కాన్, 55 రోజులు దాటాక ఎక్స్‌రే. ఎక్స్‌రేలో వెన్నెముకలు లెక్కబెట్టి "నాలుగు" అని డాక్టర్ చెప్పాక, ఆ ఫిల్మును ట్యూబ్‌లైటు ముందు పట్టుకుని ఆమె కూడా ఒకసారి లెక్కబెట్టుకుంటుంది.

ఈ దశలో ఇంట్లో అతి ప్రమాదకరమైన వ్యక్తి అత్తగారు. వరసకు అమ్మమ్మ కూడా ఆవిడే. ఎనభై అయిదేళ్ళ వయసులో ఆవిడకు ఎన్నో కాన్పులు చూసిన అనుభవం ఉంది, అన్నీ మనుషులవే. చూలు కుక్కకు కాల్షియం సీసా తెప్పించమంటుంది. చిన్నజాతి కుక్కకు కడుపుతో ఉన్నప్పుడు అదనంగా కాల్షియం పోస్తే, ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే సహజమైన ఏర్పాటు మందగిస్తుంది. తీరా పాలు పడి అవసరం పెరిగాక రక్తంలో అది పడిపోయి, వణుకుతో మొదలై ఫిట్స్ దాకా వెళ్తుంది. కాబట్టి కాల్షియం సీసా బీరువాలోకి పోతుంది. కాన్పు కాగానే అత్తగారు బాలింత పథ్యం అని వెల్లుల్లి కారం, కాయం ముద్ద సిద్ధం చేస్తుంది. వెల్లుల్లి, ఉల్లి కుక్కల ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. "తరతరాలుగా తిన్నాం, ఎవరికీ ఏం కాలేదు" అని ఆవిడ, "మనం కుక్కలం కాదు కదమ్మమ్మా" అని ఈవిడ. వాదన తెగదు. రాజీ మార్గంగా తెల్లపిల్ల నుదుటన దిష్టిచుక్క పెట్టుకునే హక్కు అత్తగారికి దక్కుతుంది, అదీ పిల్లలు నాలుగు రోజులవి అయ్యాక, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే.

కాన్పు రాత్రి భర్తకు ప్రాధాన్యం వస్తుంది. ముప్ఫై ఏళ్ళు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసిన మనిషి కాబట్టి రిజిస్టరు ఆయనది. తల్లి ఉష్ణోగ్రత రోజుకు మూడుసార్లు రాస్తాడు. మామూలుగా 101 ఫారన్‌హీట్ దగ్గర ఉండేది 99 కిందికి దిగిందంటే ఇరవై నాలుగు గంటల్లో ఈనుతుంది. తర్వాత ప్రతి పిల్లకూ సమయం, లింగం, గ్రాముల్లో బరువు, మావి పడిందా లేదా. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే, లేదా మొదటి పిల్లకు ముందే ఆకుపచ్చ స్రావం కనబడితే రిజిస్టరు మూసి కారు తాళాలు తీయాలి. పెద్ద తల, చిన్న కటి ఉన్న జాతుల్లో సిజేరియన్లు సామాన్యం. రాత్రి రెండింటికి అవుటర్ రింగ్ రోడ్డు ఖాళీగా ఉంటుందన్న అరుదైన సత్యం ఆ ఇంటివారికి అలాగే తెలిసింది.

మొదటి వారం పిల్లలకు ఒంట్లో వేడి నిలబెట్టుకునే శక్తి ఉండదు, వణకడం కూడా రాదు. పెట్టెలో ఒక మూల 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాలి, వేడెక్కితే జరగడానికి ఇంకో మూల చల్లగా ఉండాలి. అందుకోసం హీటర్ కుక్కల గదిలోకి వెళ్తుంది, ఆయన డిసెంబరు రాత్రుల్లో మంకీ క్యాప్ పెట్టుకుని పడుకుంటాడు. గుడ్డలు రోజుకు నాలుగుసార్లు మారతాయి. వేసవి ఈతైతే ఆ ఉతుకుడుకు నీళ్ళ ట్యాంకరు పిలవాలి. ఉదయం సాయంత్రం వంటింటి త్రాసు మీద తూకం; పది రోజులకల్లా పుట్టిన బరువు రెట్టింపు కావాలి. పెరగనివాడిని చెవులు, తోక లాగి చూడటం కాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. బుల్లి పిల్లల్లో రక్తంలో చక్కెర పడిపోతే గంటల్లో ప్రాణం పోతుంది. చట్నీకి పప్పులు తూచడానికి ఆ ఇంట్లో ఇంకో త్రాసు కొనాలని అనుకోవడమే తప్ప ఎన్నడూ కొనలేదు.

మూడో వారంలో చదువు మొదలవుతుంది. అమెరికాలో బార్ హార్బర్‌లోని జాక్సన్ లాబొరేటరీలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ళ తరబడి కుక్కపిల్లలను పెంచి చూసి, 1965లో తమ పుస్తకంలో తేల్చిన విషయమిది: 3వ వారం నుంచి 12వ వారం లోపల మనుషులను, శబ్దాలను, కొత్త వస్తువులను చూసిన కుక్కకు అవి జీవితాంతం మామూలే. ఆ గడువు పంజరంలో గడిస్తే జీవితాంతం భయమే, కరిచేది ఎక్కువగా ఆ భయమే. షెడ్డులో పుట్టిన పిల్లకు, వంటింట్లో పుట్టిన పిల్లకు అసలు తేడా ఇక్కడ పడుతుంది. పప్పీ ఆంటీ పాఠ్యప్రణాళిక ఇలా నడుస్తుంది. పొద్దున్నే కుక్కర్ మూడు కూతలు. తర్వాత మిక్సీ, ముందు పక్క గదిలో, వారం గడిచాక పక్కనే. కాలింగ్ బెల్, కరెంటు పోగానే అపార్ట్‌మెంట్ జనరేటర్, గాలిపటాల కుర్రాళ్ళ కేకలు. ఫోనులో సన్నగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోయే దీపావళి టపాసుల రికార్డింగు, వినాయక చవితి తమటె మోత. గడ్డం ఉన్న మనిషి ఒకరు, హెల్మెట్ తీయని డెలివరీ కుర్రాడు ఒకరు, గొడుగు తెరిచే మనిషి ఒకరు కావాలి. గడ్డం పాత్రకు ఎదురింటి ప్రొఫెసర్‌ను పిలుస్తారు. వచ్చి నేలమీద కూర్చుని, పిల్లలు షూ లేసులు నమిలేదాకా ఉండి, కాఫీ తాగి వెళ్తాడు. పనిమనిషి కన్నడంలో, ఆంటీ తెలుగులో, మేడమీది పిల్లలు ఇంగ్లీషులో పిలవడం వల్ల ఎనిమిది వారాలకల్లా పిల్లలకు మూడు భాషల్లోనూ మాట వినకుండా ఉండటం వచ్చేస్తుంది.

టీకాలతో ఒక చిక్కుంది. ఆరో వారం నుంచి ఎనిమిదో వారం మధ్య మొదటిది, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాల దాకా, మూడు నెలలకు రేబిస్. అవన్నీ పూర్తయ్యేలోపు వీధి మట్టిమీద దించితే పార్వో వైరస్ భయం. అవి పూర్తయ్యేదాకా దాచిపెడితే చదువు వయసు దాటిపోతుంది. పరిష్కారం బట్టసంచి. రోజుకొక పిల్లను సంచిలో తల బయటికి పెట్టి కూర్చోబెట్టి, కూరగాయల మార్కెట్టు, బస్టాపు, స్కూలు గేటు చూపించి, నేలకు కాలు తగలకుండా ఇంటికి తెస్తుంది. కొత్తిమీర అమ్మే ఆమె ఆ పిల్లతో మాట్లాడాకే ఆంటీతో బేరం మొదలుపెడుతుంది.

ఎనిమిది వారాలు నిండేసరికి బేరగాళ్ళ రాక. ఆంటీ శక్తియుక్తులన్నీ బయటపడేది ఈ ఘట్టంలోనే. "రేట్ ఎంత?" అన్న ఒక్క ముక్క మెసేజికి జవాబు ఉండదు. "పుట్టినరోజుకు సర్‌ప్రైజ్ గిఫ్ట్" అన్నవాళ్ళకు బొమ్మ కుక్కలమ్మే దుకాణం పేరు చెబుతుంది. కాపలాకు కావాలన్న ఆసామిని చెప్పులు వేసుకోకముందే సాగనంపుతుంది. మిగిలినవారికి జరిగే ఇంటర్వ్యూ ముందు పెళ్ళిచూపులు దిగదుడుపే.

"ఇల్లు సొంతమా, అద్దెనా?"

"అద్దె ఆంటీ."

"ఓనర్‌కు చెప్పారా? పది నెలల అడ్వాన్సు ఇచ్చుంటారు, తర్వాత కుక్కనా అడ్వాన్సా అంటే ఏది వదులుకుంటారు?"

దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ చూపుకు మార్కులున్నాయి.

"ఆఫీసు ఎక్కడమ్మా?"

"ఎలక్ట్రానిక్ సిటీ."

"సిల్క్ బోర్డు దాటాలా?"

దాటాలి అంటే దాదాపు అయిపోయినట్టే. సిల్క్ బోర్డు కూడలి దాటేవాళ్ళు ఏ పూట ఇల్లు చేరతారో ఆ దేవుడికే తెలియదు, నెలల పిల్ల అంతసేపు ఒంటరిగా ఉండలేదు. ఇద్దరిలో ఒకరు ఇంటి నుంచే పని చేస్తారని ఆఫీసు ఉత్తరం చూపిస్తే పునఃపరిశీలన ఉంటుంది. అపార్ట్‌మెంట్ సంఘం ఒప్పుకోదేమోనన్న భయస్థులకు, కుక్కలను నిషేధించే అధికారం సంఘాలకు లేదనే జంతు సంక్షేమ బోర్డు 2015 నాటి సర్క్యులర్ జిరాక్సు హ్యాండ్‌బ్యాగులోంచి తీసిస్తుంది. ఫ్లాటుకు ఒక్క కుక్కే ఉండాలని 2018లో అప్పటి బీబీఎంపీ నియమం తెచ్చి, నిరసనలు రేగడంతో అటకెక్కించింది. ఆ కొద్ది రోజులూ పప్పీ ఆంటీ భర్త చాలా ప్రశాంతంగా కనిపించాడు.

నెగ్గినవారికి పిల్లతోపాటు చిప్ నంబరు, టీకా పుస్తకం, తల్లి వాసన ఉన్న గుడ్డముక్క, రెండు పేజీల ఒప్పందం ఇస్తుంది. ఒప్పందంలో ముఖ్యమైనవి రెండు: సమయానికి ఆపరేషన్ చేయించాలి, ఏ కారణం వల్లనైనా పెంచలేకపోతే మరెవరికీ ఇవ్వకుండా ఇక్కడికే తిరిగి తేవాలి. రెండోది ఉత్తుత్తి షరతు కాదు. బదిలీలు, విడాకులు, తల్లీబిడ్డల అలర్జీలు, కెనడా పీఆర్‌లు, ఇలా ఏదో ఒక రూపంలో పాత పిల్లలు తిరిగొస్తూనే ఉంటాయి. అందుకే ఏ బంధువు పెళ్ళికైనా ఆ దంపతుల్లో ఒకరే హాజరవుతారు. ముహూర్తానికి ఆంటీ, సత్యనారాయణ వ్రతానికి ఆయన.

లెక్కల సంగతి ఆయన రిజిస్టరులో చివరి పేజీ. ఒకవైపు నాలుగు పిల్లల్లో ముగ్గురి సొమ్ము ఉంటుంది. నాలుగోది స్టడ్ యజమానికి ఫీజు కింద పోయింది. మరోవైపు పరీక్షలు, స్కాన్, ఎక్స్‌రే, సిజేరియన్, టీకాలు, చిప్‌లు, ట్యాంకరు, నమిలేసిన సోఫా. నష్టం కింద ఆయన రెండు గీతలు గీస్తాడు. ఈ వ్యాపారంలో లాభాలు గడించేది షెడ్డువాడు ఒక్కడేనని, పరీక్షలు, చదువు, నిద్ర అనే మూడు ఖర్చులూ అతను మిగుల్చుకుంటాడు కాబట్టేనని ఆయన విశ్లేషణ. దాన్ని కాదనడం కష్టం.

పప్పీ ఆంటీని బొత్తిగా సహించనివారు పక్కవీధిలోనే ఉన్నారు. కుక్కలను రక్షించి దత్తత ఇప్పించే ఒక అమ్మాయి ప్రశ్న సూటిగా ఉంటుంది: 2023 లెక్క ప్రకారం ఈ ఊరి వీధుల్లో సుమారు 2.79 లక్షల కుక్కలున్నాయి, 1991 నుంచి క్యూపా లాంటి సంస్థలు జనం వదిలేసిన జీవాలను మోస్తూనే ఉన్నాయి, మళ్ళీ కొత్తవి పుట్టించడం ఎందుకాంటీ? ఆంటీ దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. ఉన్నదల్లా గేటు దగ్గర, ఆపరేషన్ గుర్తుగా చెవికి గాటు పెట్టిన వీధికుక్క ఒకటి, దానికి రెండు పూటలా పెరుగన్నం. షెడ్లు మూతపడితే తానూ మానేస్తానని అంటుంది. షెడ్లున్నంత కాలం కొనేవాళ్ళు ఎక్కడో ఒకచోట కొంటారు కదా అని కూడా అంటుంది. ఆ అమ్మాయి ఒప్పుకోదు. ఆదివారాలు కబ్బన్ పార్కులో కనబడితే ఇద్దరూ కుక్కలను పలకరించి, ఒకరినొకరు పలకరించుకోకుండా వెళ్తారు.

మూడో ఈత తర్వాత తల్లికి ఆపరేషన్ అయిపోతుంది. చివరి ఈతలో ఒక ఆడపిల్లను మాత్రం ఇంట్లోనే ఉంచుకుంటుంది. రెండేళ్ళు నిండాక దానికీ మోకాళ్ళు, మూత్రపిండాలు, కళ్ళు చూపించాలి. ఏ ఒక్కటి తప్పినా వంశం అక్కడితో ఆపేస్తుంది, ఎంత ముద్దుగా ఉన్నా, జుట్టు ఎంత ఒత్తుగా ఉన్నా సరే. మోకాలి చిప్ప జారుతోందని డాక్టర్ తేల్చిన రోజే ఆపరేషన్‌కు తేదీ తీసుకుంటుంది. ఏడాదిగా ఎదురుచూస్తున్నవాళ్ళు వెయిటింగ్ లిస్టులో డజనుమంది ఉంటారు. వాళ్ళందరికీ ఒకే మెసేజి వెళ్తుంది: పక్కవీధి అమ్మాయి ఫోన్ నంబరు.